జబ్బు ఊరందరిదీ – అప్పు మాత్రం కూలీది

అంటురోగం వచ్చిందంటే సర్కారు ఒక లెక్క మొదలెడుతుంది. ఇవాళ ఎందరికి సోకింది, ఎందరు ఆసుపత్రిలో చేరారు, ఎందరు చనిపోయారు అని రోజూ సాయంత్రానికి అంకెలు వస్తాయి. ఆ అంకెలు తగ్గి సున్నాకి దగ్గరపడ్డ రోజున ఫైలు కట్టేస్తారు. జబ్బు పోయిందంటారు. మన కూలిపేటల్లో అసలు లెక్క అప్పుడే మొదలవుతుంది. పోయిన పనిదినాలెన్ని? వైద్యానికి తెచ్చిన అప్పెంత, దాని వడ్డీ ఎంత? తాకట్టు పెట్టిన పుస్తెలు ఎప్పుడు విడిపించాలి? బడి మానిన పిల్ల మళ్ళీ బడికి పోయిందా, లేక రొయ్యల షెడ్డుకే పోతోందా? ఈ లెక్క రాసే గుమాస్తా ఏ ఆఫీసులోనూ లేడు.

అంటురోగం డాక్టర్ల వ్యవహారం మాత్రమే అనుకుంటే పొరపాటు. అది కూలి వ్యవహారం, కౌలు వ్యవహారం, ధర వ్యవహారం, అప్పు వ్యవహారం. పేద దేశాల్లో అయితే రోగం కన్నా దాని వెనక వచ్చే అప్పే ఎక్కువకాలం పీడిస్తుంది. మన గోదావరి డెల్టాలో 2020, 2021 సంవత్సరాల్లో జరిగింది చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. కరోనా కేసులు రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా ఎక్కువ నమోదైంది అప్పటి ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోనే. కాబట్టి ఆ రెండేళ్ళ లెక్క తీయాల్సిన బాధ్యత కూడా ముందు మనదే.

దాళ్వా కోతల వేళ తాళం

2020 మార్చి 24 రాత్రి ప్రకటించి, 25 నుంచి దేశమంతటికీ తాళం వేశారు. డెల్టాలో అప్పటికి దాళ్వా పంట పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్న సమయం. ఏప్రిల్లో కోతలు. నాలుగు రోజులు గడవకముందే కేంద్రం వ్యవసాయ పనులకు మినహాయింపు ఇచ్చింది. ఇవ్వకేం చేస్తుంది? పంట కోయకపోతే దేశం ఏం తింటుంది? ఊరంతా ఇంట్లో కూర్చోవాలి, కూలీ మాత్రం పొలంలో ఉండాలి. మంచిదే, పొలంపని దొరికింది గదా అని పైకి అనిపిస్తుంది. ఇక్కడే ఒక విషయం గమనించాలి.

డెల్టా కూలీ ఇవాళ పొలం మీదే బతకడం లేదు. కోతకీ నూర్పుకీ యంత్రాలొచ్చాక, వరిచేలు చెరువులుగా మారాక, పొలంలో దొరికే పనిదినాలు బాగా కుదించుకుపోయాయి. ఊడ్పులకి కొన్నాళ్ళు, కలుపుకి కొన్నాళ్ళు, ధాన్యం ఎత్తుబడికి కొన్నాళ్ళు. మిగతా ఏడాదంతా ఎలా గడుస్తుంది? మగవాళ్ళు రాజమండ్రి, కాకినాడ, భీమవరం, హైదరాబాదుల్లో ఇళ్ళ కట్టుబడికి పోతారు. ఆడవాళ్ళు కడియం నర్సరీల్లో మట్టి కలుపుతారు, మొక్కలు కడతారు, లేదా రొయ్యల షెడ్లలో తలలు వలుస్తారు. కోనసీమలో కొబ్బరి దింపు, ఒలుపు, పీచు పనులున్నాయి. మిల్లుల దగ్గర ముఠా కూలీలున్నారు. ఇటుక బట్టీలున్నాయి. ఇవేవీ చాలక కోనసీమ నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ ఆడవాళ్ళు కువైటు వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపుతారు.

తాళం పడింది వీటన్నిటికీ. కట్టుబడి ఆగింది. ఉత్తరాది మార్కెట్లు మూతపడి కొబ్బరికి బేరం లేదు. పెళ్ళిళ్ళు ఆగి పూలకి గిరాకీ లేదు. మొక్కలు కొనే సీజన్లో లారీలు కదలక కడియంలో మొక్క పెరిగి పనికిరాకుండా పోయింది. రొయ్యల ధర ఒక్కసారి కూలింది. కువైటులో కాగితాలు లేనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని అక్కడి ప్రభుత్వం 2020 ఏప్రిల్ నెలంతా గడువిచ్చింది; మనవాళ్ళు ఎందరో దానికి లొంగి, చేతిలో ఏమీ లేకుండా, విమానం కోసం శిబిరాల్లో పడిగాపులు పడ్డారు. నెలనెలా వచ్చే డబ్బు ఆగింది. బయటకు పోయినవాళ్ళంతా ఊరు చేరారు. పదిమంది చేసే పనికి పాతికమంది తయారైతే కూలి పెంచమని అడిగే నోరు ఎక్కడుంటుంది?

అదే సమయంలో చెన్నై నుంచి కలకత్తా పోయే పెద్దరోడ్డు మీద, తణుకు, రావులపాలెం, రాజమండ్రి మీదుగా, ఒరిస్సా వైపు, బీహారు వైపు పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోయిన వలస కూలీలను మనం చూశాం. దారి పొడుగునా వాళ్ళకి అన్నం పెట్టింది, మజ్జిగ ఇచ్చింది ఎక్కువగా మనలాంటి ఊళ్ళవాళ్ళే. మన కూలీ హైదరాబాదు నుంచి నడిచొచ్చాడు, వాళ్ళ కూలీ మన రోడ్డు మీద నడిచిపోయాడు. ఇద్దరి కథా ఒకటే. పని ఇచ్చిన మేస్త్రీ గానీ, మేస్త్రీకి పని ఇచ్చిన కంపెనీ గానీ తాళం పడిన మర్నాటి నుంచి వాళ్ళు ఎవరో ఎరగనట్టు ఊరుకున్నాయి.

దేశాన్ని నిలబెట్టింది ఎవరు?

2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో దేశ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖే మొదట ప్రకటించింది. ఫ్యాక్టరీలు పడిపోయాయి, కట్టుబడి సగానికి పడిపోయింది, వ్యాపారం, రవాణా పడిపోయాయి. పడిపోకుండా, పైగా 3.4 శాతం పెరిగింది ఒక్క వ్యవసాయం. దీన్ని చూసి పెద్దలంతా రైతును పొగిడారు. అన్నదాత అన్నారు, వెన్నెముక అన్నారు. పొగడ్తకి ఖర్చు లేదు గదా!

మరి ఆ వ్యవసాయాన్ని నడిపిన కూలీకీ, కౌలుదారుకీ దక్కిందేమిటి? ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,815 రూపాయలు. మన లెక్కలో 75 కేజీల బస్తాకి 1,361 రూపాయలు. ఇది కాగితం మీద ధర. కొనుగోలు కేంద్రంలో గోతాలు లేవు, లారీలు లేవు, ముఠా కూలీలు సరిపోరు, తేమ ఎక్కువుందని పేచీ. కళ్ళంలో రాశి మీద కూర్చుని ఆకాశం వైపు చూసే కౌలుదారు ఎన్నాళ్ళు ఆగగలడు? మబ్బు పట్టిందంటే వచ్చిన ధరకి దళారీకే తూచాడు. సొంత భూమి ఉన్న ఆసామి పదిరోజులు ఆగగలడు. కౌలుదారు ఆగలేడు, ఎందుకంటే అతని వెనక ఎరువుల కొట్టు అప్పుంది, ముందు మక్తా ఉంది.

ఈ మక్తా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్యాంకు వాయిదాలు కట్టలేనివాళ్ళకి రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలల గడువిచ్చింది. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. సరే, బ్యాంకైనా ఆపాటి గడువిచ్చింది. మక్తాకి గడువేదీ? ఎకరాకి ఇన్ని బస్తాలని మాటనుకున్నాక వరదొచ్చినా, రోగమొచ్చినా, ధర పడినా అన్ని బస్తాలూ కొలవాల్సిందే. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలుదారుకి 11 నెలల పత్రం ఇస్తామన్నారు. కానీ ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వడేమోనని కౌలుదారుకి భయం. పత్రం లేదు కాబట్టి పంటరుణం లేదు, నష్టపరిహారం లేదు. కొనుగోలు కేంద్రంలో పేరు కూడా యజమానిదే. పంట పండించినవాడు కాగితంలో ఎక్కడా లేడు. రోగం వచ్చినప్పుడు సాయం కాగితం వెంటే వస్తుంది. కాగితంలో లేనివాడికి సాయమూ లేదు.

ఇచ్చినదెంత, పోయినదెంత

సర్కారు ఏమీ ఇవ్వలేదని మనం అనం. అలా అంటే అబద్ధమవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం కార్డు లెక్క కాకుండా అదనంగా ఉచితంగా వచ్చాయి. ఆ బియ్యమే లేకపోతే చాలా పొయ్యిలు వెలిగేవి కావు. కరోనా వైద్యాన్ని రాష్ట్రం ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఇవి జనం హక్కుగా పొందాల్సినవి, పొందారు. ఇక చేతికొచ్చిన డబ్బు లెక్క చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్లో బియ్యం కార్డుకి 1,000 రూపాయలిచ్చింది. కేంద్రం జనధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకి నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. రెండూ అందిన ఇంటికి మొత్తం 2,500 రూపాయలు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 237 రూపాయలు. 2,500ని దాంతో భాగిస్తే పదిన్నర రోజుల కూలి. మార్చి 25 నుంచి మే 31 దాకా తాళం ఉన్నది 68 రోజులు. అంటే ఇంట్లో ఒకే ఒక్కరు పనిచేస్తారనుకున్నా, అదీ అతి తక్కువ కూలి లెక్కన చూసినా, 68 రోజుల్లో సర్కారు భరించింది పదిన్నర రోజులు. మిగతా 57 రోజులు ఎవరు భరించారు? ఇంట్లో ఇద్దరు కూలీలుంటే ఆ లెక్క ఇంకెంతవుతుంది? తిండికి బియ్యమొస్తే చాలదు. నూనె, పప్పు, గ్యాసు, మందులు, అద్దె, డ్వాక్రా వాయిదా, చీటీ – వీటికి బియ్యం చెల్లదు. ఆ లోటు పూడ్చింది అప్పే. నూటికి రెండో, మూడో, అంతకన్నా ఎక్కువో వడ్డీకి తెచ్చిన అప్పు. ఏ రిజర్వు బ్యాంకూ ఆ వడ్డీకి గడువివ్వలేదు.

2021లో రెండోసారి వచ్చింది. సరిగ్గా మళ్ళీ దాళ్వా కోతల వేళకే, ఏప్రిల్, మే నెలల్లో. ఈసారి ఊళ్ళల్లోకి దూరింది. జ్వరమని తెలిసినా చాలామంది పరీక్షకి పోలేదు. ఎందుకు పోలేదని తిట్టేవాళ్ళున్నారు. పరీక్షలో ఉందని తేలితే పద్నాలుగు రోజులు ఇల్లు కదలకూడదు. పద్నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా కూలీని మూఢుడని తిట్టడం సులువు. జబ్బుపడితే ఇంట్లో కూర్చోవడానికి కూలి ఇచ్చి ఉంటే జబ్బే తక్కువ వ్యాపించేది. మిగతా ఊరు కూడా బాగుపడేది. ఉద్యోగికి సెలవుంది, జీతముంది. కూలీకి సెలవంటే పస్తు. రోగాన్ని ఆపే మందుల్లో కూలి కూడా ఒకటని మన ఆరోగ్యశాఖ ఎప్పటికి గుర్తిస్తుందో!

చనిపోయినవాళ్ళ సంగతి. రాష్ట్రంలో కరోనా మరణాలు 14,700 పైచిలుకని అధికారిక లెక్క. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పుతో ఒక్కో మరణానికి 50,000 రూపాయల పరిహారం నిర్ణయమైంది. అది రావాలంటే కరోనాతోనే పోయారన్న కాగితం కావాలి. పరీక్ష లేకుండా, ఆసుపత్రి చేరకుండా, గుడిసెలోనే ఊపిరాడక పోయినవాళ్ళకి ఆ కాగితం ఎవరిస్తారు? 2020, 2021 రెండేళ్ళలో భారతదేశంలో మామూలు కన్నా అదనంగా జరిగిన మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కేంద్రం దాన్ని ఒప్పుకోలేదు. దాని లెక్క 4 లక్షల 80 వేల చిల్లర. ఏది నిజమనే వాదన ఢిల్లీలో జరిగింది. కానీ ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడుందో మన కూలిపేటలకి తెలుసు. పరిహారం అడగడానికి కాగితం లేని ఇళ్ళల్లో ఉంది.

చావుల లెక్క ఒక్కటే చూస్తే చాలదు

ఒక రోగం ఎంత పెద్దదో చావుల్ని బట్టే కొలవడం అలవాటైపోయింది. అది తప్పు కొలత. చికున్‌గున్యా గుర్తుందా? 2005 చివర్లో మన రాష్ట్రంలో మొదలై 2006లో దేశమంతా పాకింది. ఆ ఒక్క ఏడాదే దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. అది చంపే జబ్బు కాదన్నారు, కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. నిజమే, చాలామందిని చంపలేదు. కీళ్ళు పట్టేసింది. వేళ్ళు ముడుచుకోలేని ఆడమనిషి నాటు ఎలా నాటుతుంది? మోకాలు వంగని మగవాడు బస్తా ఎలా మోస్తాడు? వారాలు, కొందరికి నెలలు పని పోయింది. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికి అది నొప్పి. ఒళ్ళే పెట్టుబడి అయిన వాడికి అది దివాలా.

దీనికి తిరగేసిన ఉదాహరణ సూరత్. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చిందన్నారు. దేశం మొత్తమ్మీద చనిపోయింది అరవైమంది లోపే. కానీ లక్షలమంది కార్మికులు ఊరొదిలి పారిపోయారు. అందులో మగ్గాల మీద పనిచేసే మన తెలుగు నేత కార్మికులూ ఉన్నారు. విదేశాలు విమానాలు ఆపాయి, సరుకులు ఆపాయి. దేశానికి జరిగిన నష్టం వందకోట్ల డాలర్లు దాటిందని అంచనా. చావులు తక్కువ, నష్టం కొండంత. పేద దేశంలో ఒక రోగం వచ్చిందనగానే బయటివాడు ముందు చేసే పని తలుపు మూయడం. ఆ తలుపు మూతకి యజమాని లాభం తగ్గుతుంది, కార్మికుడి కూడు పోతుంది.

ఆఫ్రికా పడమటి దేశాలు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 2014 నుంచి 2016 వరకు ఎబోలా వచ్చింది. 11,300 మంది దాకా చనిపోయారు. 2015 ఒక్క ఏడాదే ఆ మూడు చిన్న దేశాల ఆదాయానికి 220 కోట్ల డాలర్ల గండిపడిందని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అక్కడా సంతలు మూశారు, దారులు మూశారు. మన బదులు పనిలాగే అక్కడా ఒకరి చేలో ఒకరు కలిసి పనిచేసుకునే పద్ధతి ఉంది. గుంపు కూడకూడదన్నారు కాబట్టి అది ఆగింది. పంట చేలోనే ఉండిపోయింది. రోగం సోకని ఊళ్ళోనూ ఆకలి సోకింది. ఇక కరోనా 2020లో ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 7 కోట్లమందిని కొత్తగా కటిక దరిద్రంలోకి తోసిందని అదే ప్రపంచ బ్యాంకు చెప్పింది. ఆరోగ్యం మీద ఖర్చు తగ్గించుకోండి, ఫీజులు వసూలు చేయండి అని ఎనభైల్లో పేద దేశాలకి సలహాలిచ్చిన బ్యాంకు అది. లెక్కలు మాత్రం బాగా వేస్తుంది.

పాత చట్టం, పాత తీరు

ఇది కొత్త అన్యాయమేం కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. అదే ఏడాది వానలు ముఖం చాటేశాయి, తిండిగింజల ధరలు మండిపోయాయి. దేశంలో తక్కువలో తక్కువ కోటీ ఇరవై లక్షలమంది పోయారు. జనాభా లెక్కలు మొదలయ్యాక పదేళ్ళలో జనం తగ్గింది 1911–21 మధ్యే. ఆ జ్వరం అందరికీ ఒకేలా వచ్చిందా? బొంబాయి నగరం లెక్క చూడండి. అక్కడున్న యూరోపియన్లలో వెయ్యికి 8 మంది పోతే, కింది కులాలుగా రాసిన హిందువుల్లో వెయ్యికి 61 మంది పోయారు. క్రిమికి కులం తెలియదు, నిజమే. కానీ ఇరుకు గదికి తెలుసు, ఖాళీ కడుపుకి తెలుసు, మందు కొనలేని చేతికి తెలుసు.

అంతకు ఇరవై ఏళ్ళ ముందు, బొంబాయి ప్లేగు రోజుల్లో, 1897లో తెల్లదొరలు అంటురోగాల చట్టం చేశారు. మూడు నాలుగు సెక్షన్ల చట్టం. ప్రభుత్వం ఏ ఆంక్షైనా పెట్టొచ్చు, మీరినవాణ్ణి శిక్షించొచ్చు, అధికారిని మాత్రం కోర్టుకి ఈడ్వకూడదు. 2020లో మన సర్కార్లు బయటికి తీసిందీ ఆ చట్టాన్నే. దానికి చేసిన సవరణ వైద్య సిబ్బంది మీద దాడులు ఆపడానికి చేశారు; అది అవసరమే. కానీ 123 ఏళ్ళ తరవాత కూడా ఆ చట్టంలో కూలి అనే మాట లేదు. ప్రజల మేలు కోసం నీ పని ఆపుతున్నాం, కాబట్టి నీ కూలి మేం భరిస్తాం అనే ఒక్క వాక్యం లేదు. రోడ్డు వేయడానికి సెంటు భూమి తీసుకున్నా పరిహారమివ్వాలని చట్టముంది. రెండు నెలల కూలి తీసుకుంటే ఏమీ లేదు. భూమి ఆస్తి, శ్రమ ఆస్తి కాదన్నమాట!

కోళ్ళకి వచ్చినా, రొయ్యలకి వచ్చినా

మనుషుల రోగాలే కాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. భోపాల్ లేబొరేటరీ బర్డ్ ఫ్లూ అని తేల్చింది. కిలోమీటరు లోపలి కోళ్ళని చంపి పూడ్చారు, పది కిలోమీటర్ల మేర రాకపోకల మీద నిఘా పెట్టారు. చికెన్ కొట్లు వెలవెలబోయాయి. సర్కారు చంపించిన కోడికి లెక్క ప్రకారం పరిహారముంటుంది, అది కోడి యజమానికి. ఆ ఫారంలో మేత వేసి, గుడ్లు ఏరి, రెట్ట ఎత్తి, చివరికి ఆ చచ్చిన కోళ్ళని గోతిలో వేసే కూలీకి షెడ్డు మళ్ళీ నిండేదాకా పని లేదు. అతనికి పరిహారం రాసే కాలమ్ ఫారంలోనే లేదు. జబ్బు మనిషికి అంటే ప్రమాదం మాత్రం అందరికన్నా ముందు అతనికే.

1994లో రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడూ ఇంతే. వరిచేలు తవ్వి చెరువులు చేశారు, ఊడ్పుల పని పోయింది. వైరస్ వచ్చి చెరువులు ఎండగట్టారు, చెరువు పనీ పోయింది. అప్పు చేసి చెరువు తవ్విన చిన్నరైతు మునిగాడు. పెట్టుబడి ఉన్నవాడు మళ్ళీ విత్తనం వదిలాడు. చిన్నవాడి చెరువుని లీజుకి తీసుకుని మరీ వదిలాడు. ప్రతి రోగం తరవాత భూమి, నీరు ఇంకాస్త తక్కువమంది చేతుల్లోకి పోవడం మనం గమనించాలి.

రైతే మునిగితే కూలీకి ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు అని కొందరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సన్నకారు రైతు, కౌలు రైతు మన శత్రువులు కాదు. రెండెకరాల కౌలుదారు పొద్దున తన చేలో రైతు, మధ్యాహ్నం పక్క చేలో కూలీ. రోగం వేళ కూలి భారం అతని నెత్తిన పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఆ భారం సమాజానిది, అంటే సర్కారుది. కరోనా తొలిరోజుల్లోనే, 2020 మార్చి 19న, కేరళ ప్రభుత్వం 20,000 కోట్ల సాయం ప్రకటించి, ఊరూరా సామూహిక వంటశాలలు పెట్టి, కుటుంబశ్రీ మహిళల చేత నడిపించింది. మనసుంటే మార్గముంటుందనడానికి అది చాలు.

రేపటి మాట

2020లో కూలీని కొంతైనా ఆదుకున్నది ఉపాధి హామీ. ఆ ఏడాది దానికి బడ్జెట్లో 61,500 కోట్లు పెట్టి, జనం పనికోసం ఎగబడేసరికి 1,11,500 కోట్లకి పెంచాల్సి వచ్చింది. దేశంలో 11 కోట్లమంది పనిచేశారు. అడిగినవాడికి పని ఇవ్వాలనే చట్టం ఉంది కాబట్టే డబ్బు పెంచారు, దయతో కాదు. కూలి డబ్బు మొత్తం అప్పుడు కేంద్రానిదే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజులు 125 చేశామన్నారు. కానీ ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రాల మీద పెట్టారు. ఏ రాష్ట్రానికెంతో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. వ్యవసాయ పనుల సీజను పేరుతో ఏడాదిలో 60 రోజులు పనులు ఆపొచ్చు. రేపు మళ్ళీ ఒక అంటురోగం వస్తే ఏమవుతుంది? 2020లో తాళం పడగానే రాబడి లేక మన రాష్ట్రం తన ఉద్యోగుల జీతాల్లోనే కొంతభాగం వాయిదా వేసింది. జీతాలకే డబ్బు లేని వేళ కూలీల 40 శాతం ఎక్కణ్ణుంచి తెస్తుంది? కూలీకి పని అన్నిటికన్నా అవసరమైన రోజునే రాష్ట్రం ఖజానా అన్నిటికన్నా ఖాళీగా ఉంటుంది. ఈ లెక్క ఢిల్లీకి తెలియదనుకోలేం.

ఆరోగ్యం మీద సర్కారు ఖర్చు 2025 నాటికి దేశ ఆదాయంలో 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. రోగం ఉధృతంగా ఉన్న 2021–22లో కూడా అది 1.84 శాతమే. వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 39 రూపాయలు జనం జేబులోంచే పోతున్నాయని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. కూలీకి జేబు ఎక్కడిది? అది వడ్డీవ్యాపారి జేబు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. రోగం పేరుతో పని ఆపిస్తే ఆపినన్నాళ్ళూ కనీస కూలి చెల్లించాలని అంటురోగాల చట్టంలోనే రాయాలి. సోకినవాడు ఇంట్లో ఉండాల్సిన రోజులకి కూడా అది వర్తించాలి. ఆ ఏడు మక్తాలో తగ్గింపు ఉండాలి, భూయజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభ సాక్ష్యంతో కౌలుదారుకి పత్రమివ్వాలి. ప్రైవేటు అప్పులకీ, చిన్న ఫైనాన్సు సంస్థల అప్పులకీ వడ్డీ సహా గడువుండాలి. కోళ్ళ ఫారాలు, చెరువులు మూతపడితే పరిహారంలో కూలీ వాటా ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టరు, నర్సు, లేబొరేటరీ మనిషి ఖాళీలు రోగం రాకముందే నింపాలి.

ఇవి అడగాలంటే మన చేతిలో లెక్క ఉండాలి. సర్కారు రాయని లెక్క మనమే రాయాలి. ప్రతి పేటలో చదువుకున్న పిల్ల ఒకరు ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంటింటికీ తిరగాలి. 2020, 2021లో ఏ ఇంట్లో ఎన్ని పనిదినాలు పోయాయి, వైద్యానికెంతైంది, అప్పెంత తెచ్చారు, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఇప్పటికి ఎంత తీరింది, ఏ పిల్లలు బడి మానారు, కాగితం లేకుండా పోయినవాళ్ళెవరు – అన్నీ రాయాలి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేయించాలి. నకలు మండలాఫీసుకీ, కలెక్టరాఫీసుకీ అందించి రసీదు తీసుకోవాలి. మళ్ళీ ఏదో ఒక జబ్బు వస్తుంది, రాక తప్పదు. అది వచ్చిన రోజున అధికారి మన దగ్గరికొచ్చి మీకేం పోయిందని అడిగితే, గుర్తు తెచ్చుకుని చెప్పే అవసరం రాకూడదు. పుస్తకం తీసి చూపించగలగాలి.